ఆవులింత లెక్కలోకి రాదు

సిబ్బంది క్వార్టర్స్, మూడో బ్లాకు
మార్చి 13

మరదలు పిల్లకు,

నిన్న సాయంత్రం నాలుగూ పదికి విద్యుత్ కమిషన్ మా కంపెనీ అడిగిన రెండు గ్యాస్ యూనిట్లకూ అనుమతి ఇచ్చింది. మీ అన్నయ్య పనిచేసే బొగ్గు ప్లాంటు పక్క ఖాళీ స్థలంలో కడతారు. ఒకసారి కడితే నలభై ఏళ్లు నడుస్తాయి. వాటిలో కాల్చే గ్యాసు మీ క్షేత్రం నుంచే పైపులో వస్తుంది.

ఉత్తర్వులో నేను ఉన్నాను. "ప్రణాళికా విభాగం సాక్షి" అని రాశారు. నువ్వూ ఉన్నావు. ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దారిలో పోయే గ్యాసు నూటికి ఒకటి పాయింట్ ఒకటి మాత్రమేనని, ఈ సంగతి క్షేత్రంలో కొలిచే వ్యక్తి ద్వారా తానే సరిచూశానని సాక్షి ప్రమాణం చేసి చెప్పారు. ఆ మాటను కాదనడానికి కారణం కనిపించలేదు."

జనవరిలో నిన్ను "మీ దగ్గర లీకు ఎంత" అని అడిగాను. "ఒకటి పాయింట్ ఒకటి, నా చేత్తో కొలిచిందే" అన్నావు. గ్యాస్ కంపెనీ పంపిన కాగితంలోనూ అదే అంకె ఉంది. రెండూ కలిశాయి కాబట్టి ధైర్యంగా బోనెక్కి చెప్పాను. కమిషన్ మొత్తం ఆ అంకె మీదే నిలబడింది. బొగ్గు కాలిస్తే వచ్చే పొగలో సగమే గ్యాసు కాలిస్తే వస్తుంది. కానీ కాలకుండానే గాలిలో కలిసిన గ్యాసు మొదటి ఇరవై ఏళ్లలో ఆ పొగ కంటే ఎనభై రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పోయేది తక్కువైతే మేం చెప్పిన "సగం" నిజం. ఎక్కువైతే ఆ సగం ఎక్కడా మిగలదు.

ఇవాళ పొద్దునే బస్సుల మీద బోర్డులు ఎక్కాయి. "పొగ సగం, వెలుగు పూర్తి." ముందే అచ్చు వేయించి పెట్టుకున్నట్టున్నారు.

ఆఫీసులో చప్పట్లు కొట్టారు. మా డైరెక్టర్ "ఇవాళ్టి పెళ్లికూతురు ఈవిడే" అని నన్ను చూపించాడు. అందరూ కాఫీ తాగి వెళ్లాక కప్పులు కడిగాను. పెళ్లికూతురికి ఆ మర్యాద కూడా ఉంటుందని తెలియదు.

బొగ్గు ప్లాంటు మూసేశాక మీ అన్నయ్యకు కొత్త యూనిట్లలో ఉద్యోగం ఖాయమైంది. క్వార్టర్స్ కూడా ఉంటుంది. పాప బడి ఎండల వల్ల అప్పుడే పన్నెండింటికి వదిలేస్తున్నారు. ఇంకా మార్చే.

మీ వదిన


గ్యాస్ క్షేత్రం, ఉత్తరపు క్యాంపు
మార్చి 27

వదినా,

సామాన్ల జీపు పోయిన వారం రాలేదు. అందుకే నీ ఉత్తరం ఇవాళ అందింది. ఇక్కడ సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో వేయించుకుంటారు, నిప్పురవ్వ భయంతో. ఆఫీసులో ఒక ఫోనుంది కానీ వెనక వరసలో నిలబడ్డవాళ్లు మన ఇంటి సంగతులన్నీ విని, మర్నాడు మనకే సలహాలు చెబుతారు. ఉత్తరమే నయం.

అయితే నేను ఉత్తర్వుకెక్కానన్నమాట. "క్షేత్రంలో కొలిచే వ్యక్తి." అన్నయ్యతో చెప్పు, ఇకమీద పిచ్చుకా గిచ్చుకా అని పిలిస్తే పలకను. వ్యక్తీ అని పిలవమను.

పని ఎప్పటిలాగే ఉంది. గ్యాసు కంటికి కనబడదు. ఇక్కడ వాసన కూడా ఉండదు. వంటింట్లో వచ్చే ఆ కుళ్లు వాసన ఊళ్లకు పంపేముందు కలిపేది. నా కెమెరాలో మాత్రం నల్లటి పొగలా కనబడుతుంది. పైపుల అతుకుల దగ్గర, వాల్వుల దగ్గర తిరుగుతాను. ఎక్కడైనా కారుతుంటే ఎర్ర బిళ్ల కట్టి, ఎంత కారుతోందో కొలుస్తాను. తర్వాత ఎవరో వచ్చి బిగిస్తారు. నేను వచ్చినప్పటి కంటే ఇప్పుడు లీకు తగ్గింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా మేస్త్రీ గురించి చెప్పాను కదా. కంప్రెసర్ల పక్కన ఇన్నేళ్లు నిలబడి ఆయనకు సగం చెవుడు. చెవిటి మామ అని మొహం మీదే అంటారు, వినబడదు కాబట్టి గొడవ లేదు. నాకూ ఈ మధ్య ఎడమ చెవిలో ఈల లాంటిది మోగుతోంది. డాక్టరు చప్పుడు వినబడకుండా చెవులకు మఫ్‌లు పెట్టుకోమన్నాడు. పెట్టుకునే ఉన్నానన్నాను. అయితే ఇంకా గట్టిగా పెట్టుకోమన్నాడు.

పాపకు ఒక సంగతి చెప్పు. ఇక్కడ బావులు ఆవులిస్తాయి. బావి అడుగున నీళ్లు చేరి గ్యాసుకు అడ్డుపడితే, మూతి తెరిచి కాసేపు గాలిలోకి వదిలేస్తారు. గ్యాసు ఆ నీళ్లను తోసుకుంటూ గొట్టంలోంచి పైకి ఎగజిమ్ముతుంది. విమానం నెత్తిమీద నిలబడ్డట్టు ఉంటుంది చప్పుడు. కంప్రెసర్ బాగుచేయాలన్నా పైపులో ఉన్నదంతా అలాగే వదిలేస్తారు. "ఆవులిస్తోంది, జరగండి" అని చెవిటి మామ కేకేస్తాడు. ఒక్కో ఆవులింత అరగంట, ఒక్కోసారి రెండు గంటలు. ఎందుకు ఆవులిస్తుందని పాప అడిగితే నిద్రొచ్చి కాదు, కడుపు ఉబ్బి అని చెప్పు.

నీ మరదలు


సిబ్బంది క్వార్టర్స్, మూడో బ్లాకు
ఏప్రిల్ 4

మరదలు పిల్లకు,

నీ ఉత్తరం పాపకు చదివి వినిపించాను. నవ్వింది. ఇంకోసారి చదవమంది. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయాను.

మూడు సంగతులు కావాలి. ఆ ఆవులింతలు ఎప్పుడో ఒకసారా, రోజూనా? వదిలేటప్పుడు మంట పెట్టి కాలుస్తారా, ఊరికే వదిలేస్తారా? నువ్వు చెప్పిన ఒకటి పాయింట్ ఒకటిలో అవి కలిసి ఉన్నాయా?

ఈ ఉత్తరం సామాన్ల జీపు కోసం ఆగకుండా రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కంగారు పడకు. నేనూ పడటం లేదు. కేవలం తెలుసుకోవాలి.

మీ అన్నయ్య కొత్త యూనిట్ల శిక్షణకు వెళ్తున్నాడు. ఇంటికొచ్చి గ్యాస్ టర్బైన్ బొమ్మ పాపకు గీసి చూపిస్తున్నాడు. "ఇందులో బూడిద ఉండదమ్మా" అంటున్నాడు. చాలాకాలం తర్వాత అతని చొక్కాలు ఒక్క ఉతుకుకే తెల్లబడుతున్నాయి.

మీ వదిన


గ్యాస్ క్షేత్రం, ఉత్తరపు క్యాంపు
ఏప్రిల్ 12

వదినా,

రోజూ. ఈ పక్క బావులు పాతబడ్డాయి, నీళ్లు ఎక్కువ. మా ఉత్తరపు వైపే రోజుకు నాలుగైదు ఆవులిస్తాయి.

కాల్చరు. కాల్చే గొట్టం ఒకటుంది, దాని కొన మీద పిట్టలు గూడు కట్టాయి. నీ ఉత్తరం వచ్చాక చెవిటి మామను అడిగాను.

"మంట పెట్టి కాల్చొచ్చు కదా మామా."

"ఏంటి?"

"కాల్చొచ్చు కదా అంటున్నా."

"మంట పెడితే రోడ్డు దాకా కనబడుతుంది. ఎవడో ఒకడు ఏంటది అంటాడు. గాలి కనబడదు. కనబడనిదాన్ని ఎవడు అడుగుతాడు?"

"వినబడుతుంది కదా."

"నాకు వినబడదు" అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ఇక మూడోది. కలవలేదు. అది లీకు కాదు కదా వదినా. లీకంటే మనకు తెలియకుండా పోయేది. ఆవులింత మేం తెలిసి, వాల్వు తిప్పి వదిలేది. ఇక్కడ చేరిన మొదటి రోజే ఆ తేడా నేర్పిస్తారు. లీకయితే బిళ్ల కట్టు, కొలువు. వదిలితే పక్కకు జరుగు. నువ్వు లీకు ఎంత అని అడిగావు. నేను లీకు ఎంతో చెప్పాను. ఇంట్లో పాలు పొంగి ఎన్ని పోయాయని అడిగితే, పిల్లికి పోసినవి కలిపి చెబుతామా?

ఆవులింతలు ఎవరు కొలుస్తారని ఆఫీసులో అడిగాను. "అది ఆపరేషన్" అన్నారు. ఆపరేషన్ వాళ్లను అడిగితే "లీకులు చూసేది మీరే కదా" అన్నారు.

ఈ మాట రాస్తుంటే నాకు ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. నీకు ముందే అర్థమై ఉంటుంది. అందుకే రిజిస్టరు పోస్టులో పంపావు.

నీ మరదలు


సిబ్బంది క్వార్టర్స్, మూడో బ్లాకు
ఏప్రిల్ 21

మరదలు పిల్లకు,

మా డైరెక్టర్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన టేబుల్ మీద కొత్త యూనిట్ల నమూనా పెట్టించుకున్నాడు, ప్లాస్టిక్ చెట్లతో సహా. అంతా విని పెన్ను మూత పెట్టాడు.

"నువ్వు ఏం అడిగావమ్మా?"

"లీకు ఎంత అని."

"ఆవిడ ఏం చెప్పింది?"

"లీకు ఎంతో చెప్పింది."

"మరి ఇందులో అబద్ధం ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"అయిపోయింది కదా."

నేను లేవలేదు. అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. వచ్చే ఏడు చూసుకుందాం, అప్పుడు అదనపు వివరణ అని ఒక కాగితం పంపుదాం అన్నాడు. "ఈ ఎండలకు ఇళ్లలో ఏసీలు ఆగుతున్నాయా? కరెంటు కావాలా వద్దా?" అన్నాడు. కావాలి. వచ్చే పదేళ్లకు ఎంత కావాలో లెక్క వేసిందే నేను. ఎండ పెరిగేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. లెక్క పెరిగిందని గ్యాసు కాలుస్తాం. దారిలో పోయిన గ్యాసు మళ్లీ ఎండ పెంచుతుంది. రెండు పట్టికలూ నా కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని పక్కపక్కన తెరిచి చూడలేదు.

సీటుకు వచ్చి నీ అంకె ఉన్న గడిలో రెండు వేసి చూశాను. తర్వాత మూడు. మూడు దాటగానే మొదటి ఇరవై ఏళ్లకు బొగ్గుకూ గ్యాసుకూ తేడా పోయింది. కింద "ప్రయోజనం" అన్న గడిలో సున్నా వచ్చింది. కాసేపు చూస్తూ కూర్చున్నాను. కోపం రాలేదు, భయమూ వేయలేదు. పన్ను పీకేముందు సూది మందు ఇచ్చాక పెదవి మనదే అయినా మనది కానట్టు ఉంటుంది చూడు, అలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక నీతో తేల్చుకోవలసింది. ప్రమాణం చేసిన సాక్షి తన మాట తప్పని మూడు నెలల్లోగా చెబితే, కమిషన్ ఆ సంగతి మళ్లీ విని తీరాలి. గడువు జూన్ 12. ఆ రోజు దాటితే వినక్కర్లేదు, యూనిట్లు నలభై ఏళ్లు నడుస్తాయి. గడువులోగా వెళ్లాలంటే నా చేతిలో అంకె ఉండాలి. ఆవులింత అనే మాట ఒక్కటి పట్టుకుని వెళ్తే, వాళ్లే నన్ను చూసి ఆవులిస్తారు.

ఆ అంకె నువ్వు తప్ప ఎవరూ తేలేరు. తెస్తే నీ పేరు చెప్పాలి. నీ ఉద్యోగం మీదకు రావచ్చు, నాదీ అంతే. మీ అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను.

మీ వదిన


బొగ్గు ప్లాంటు, కంట్రోల్ రూమ్
ఏప్రిల్ 29

పిచ్చుకా,

నేను ఉత్తరం రాయడం నీకు వింతగానే ఉంటుంది. డ్యూటీలో కూర్చుని రాస్తున్నాను.

మీ వదిన నాకేమీ చెప్పలేదు. వాళ్ల డైరెక్టర్ పిలిచి చెప్పాడు. "ఇంట్లో కాస్త మాట్లాడు బాబూ" అన్నాడు. ఇంట్లో మాట్లాడటానికి ప్రయత్నించాను. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేశాను.

నేను మీ ఇద్దరిలా లెక్కలు చదివినవాణ్ణి కాదు. ఒకటి మాత్రం తెలుసు. మీ వదిన కమిషన్‌కు వెళ్తే గ్యాస్ యూనిట్లు ఆగుతాయో లేదో ఎవరూ చెప్పలేరు. నా ఉద్యోగం ఆగుతుందని నేను చెప్పగలను. బొగ్గు ప్లాంటు ఎలాగూ మూస్తారు. ఇంకో పని వెతుక్కునే వయసు కాదు నాది. క్వార్టర్స్ ఖాళీ చేయాలి. పాప బడి మారాలి. మీ వదినను ఎవరూ బయటికి గెంటరు, ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. అది ఇంకా చెడ్డది, నేను చూశాను.

ఇంకో మాట. ఇన్నేళ్లు ఈ బూడిదలో ఉన్నాను. పొద్దున లేచి దగ్గితే నల్లగా వస్తుంది. కొత్త యూనిట్లలో అది ఉండదు. నాకు ఆ గాలి కావాలనిపించడం తప్పా? నువ్వు చెప్పే ఆవులింత నిజమే అయి ఉంటుంది. అది ఇరవై ఏళ్ల లెక్క. నాది రేపటి ఊపిరి.

ఆ రెండో అంకె కొలవకు. కొలిచినా పంపకు. కుదరలేదని రాయి, చాలు. నువ్వు కుదరలేదంటే మీ వదిన నమ్ముతుంది. నీ మాట కాదనడం ఆమెకు తెలియదు. నేను రాశానని మాత్రం చెప్పకు.

అన్నయ్య


గ్యాస్ క్షేత్రం, ఉత్తరపు క్యాంపు
మే 8

అన్నయ్యా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

నా మాట వదిన నమ్ముతుందన్నావు. నమ్మింది కాబట్టే ఇంత దూరం వచ్చింది. జనవరిలో నేను రాసింది నిజమే, అయినా ఆమెను బోనులో అబద్ధానికి నిలబెట్టింది. ఈసారి అబద్ధమే రాయమంటున్నావు.

నీ దగ్గు సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేం? డాక్టరుకు చూపించావా? అది వేరే సంగతి అనకు, నాకు అదే ముందు.

కొలవడం మొదలుపెట్టాను. నువ్వు రాశావని నేను వదినకు చెప్పను. నువ్వే చెప్పు.

చెల్లెలు


గ్యాస్ క్షేత్రం, ఉత్తరపు క్యాంపు
మే 26

వదినా,

అంకె ఇది: రెండు పాయింట్ మూడు. నా లీకు ఒకటి పాయింట్ ఒకటి కలిపితే మూడు పాయింట్ నాలుగు.

ఎలా వచ్చిందో రాస్తాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి వీలుగా. ఆవులించే గొట్టానికి ప్రవాహం కొలిచే మీటరు పెట్టాను. అది లీకుల కోసం నాకిచ్చిందే, అడ్డదారిన తెచ్చింది కాదు. వాల్వు తిప్పిన దగ్గర్నుంచి మూసే దాకా చదివాను. రెండు వారాలు, ఉత్తరపు వైపు జరిగిన ఆవులింతలన్నీ. దక్షిణపు వైపు నన్ను రానివ్వరు, అక్కడి సంగతి నాకు తెలియదు. తెలియదనే చెప్పు. కెమెరాలో తీసినవి కూడా ఉన్నాయి. పగటిపూట మామూలు కంటితో చూస్తే గొట్టం మీద గాలి కాస్త వణికినట్టు ఉంటుంది, తారురోడ్డు మీద మిట్టమధ్యాహ్నంలా. అదే కెమెరాలో చూస్తే ఆకాశం సగం నల్లబడుతుంది.

చెవిటి మామ రోజూ పక్కనే ఉన్నాడు. మీటరు పట్టుకున్నాడు కూడా. సాక్షిగా సంతకం పెడతావా అని అడిగాను.

"నేనేం చూశాను?"

"రోజూ చూశావు కదా మామా."

"నిలబడ్డాను. నిలబడటం వేరు, చూడటం వేరు."

ఇక్కడ అన్నిటికీ రెండేసి మాటలున్నాయి. లీకు వేరు, వదలడం వేరు. నిలబడటం వేరు, చూడటం వేరు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాడు, పింఛను చేతికి రావాలి.

సోమవారం నా కెమెరా తీసుకున్నారు. కారణం చెప్పలేదు, కంపెనీ కెమెరానే కాబట్టి చెప్పక్కర్లేదు కూడా. ఇప్పుడు నన్ను స్టోరులో వేశారు. హెల్మెట్లు, చేతి తొడుగులు ఇస్తున్నాను. పొద్దున ఇస్తాను, సాయంత్రం తీసుకుంటాను. చెవి ఈల ఆగలేదు కానీ స్టోరులో నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి బాగా వినబడుతోంది.

కొలతలన్నీ ఈ కవరులోనే పెట్టాను. నా పేరు రాసుకో. వ్యక్తి అని కాదు, పూర్తి పేరు.

అన్నయ్య దగ్గును ఒకసారి డాక్టరుకు చూపించు. నేను చెప్పానని చెప్పకు.

నీ మరదలు


సిబ్బంది క్వార్టర్స్, మూడో బ్లాకు
జూన్ 12

మరదలు పిల్లకు,

ఇవాళ కమిషన్‌లో అర్జీ ఇచ్చాను. కౌంటర్లో ఉన్నావిడ ముందు తీసుకోలేదు. "మీరు కంపెనీ సాక్షి కదా, కంపెనీ మీద మీరే ఎలా ఇస్తారు?" అంది. కంపెనీ మీద కాదు, నా మీద నేనే ఇస్తున్నానన్నాను. అలాంటిదానికి ఏ గుమ్మం అని పక్కావిణ్ణి అడిగింది. ఆవిడకూ తెలియదు. చివరికి "ఇతరములు" అని ముద్ర వేసి తీసుకున్నారు.

మధ్యాహ్నం డైరెక్టర్ నన్ను సెలవు మీద ఉంచాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ లెక్క తప్పని నేను అనడం లేదమ్మా. దాన్ని ఎవరు అడిగారు?" అన్నాడు. తలుపు దాకా వచ్చి తెరిచి పట్టుకున్నాడు. ప్లాస్టిక్ చెట్ల మీద దుమ్ము పట్టింది.

ఇంటికి వచ్చేసరికి మీ అన్నయ్య ఉన్నాడు. టీ పెట్టి ఉంచాడు. చల్లారింది, అయినా తాగాను. అప్పుడు చెప్పాడు.

"నేను దానికి ఉత్తరం రాశాను. పంపొద్దని."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో. అది చెప్పలేదా?"

"చెప్పలేదు."

"చెప్పదులే. మా చెల్లెలు నీకంటే మొండిది."

ఫ్యాన్ తిరుగుతోంది. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది, మళ్లీ వచ్చింది. ఏమైనా అంటాడేమోనని చూశాను. "కప్పు ఇలా ఇవ్వు" అని తీసుకెళ్లి కడిగాడు. అతని మీద నాకు కోపం ఉండాలి. వెతుకుతున్నాను, కనబడటం లేదు. జాలి కూడా ఉండాలి. అదీ లేదు. నేను అతని చోట ఉంటే ఆ ఉత్తరం రాసి ఉండేదాన్నేమో. అతను నా చోట ఉంటే అర్జీ ఇచ్చి ఉండేవాడేమో. అంతకు మించి ముందుకు పోవడం లేదు ఆలోచన.

మీ అన్నయ్యను పోయిన వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల్లో దుమ్ము ఉందన్నాడు, పెరగకుండా చూసుకోవాలన్నాడు. ఎక్కడ పని చేస్తావని అడిగాడు. మీ అన్నయ్య "బొగ్గులో, త్వరలో గ్యాసులోకి" అన్నాడు. "మంచిదే" అన్నాడు డాక్టరు. నేను గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

మీ వదిన


గ్యాస్ క్షేత్రం, ఉత్తరపు క్యాంపు
జూన్ 30

వదినా,

కమిషన్ నుంచి సమను అందింది. స్టోరు కిటికీలోంచి ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. హెల్మెట్ కోసం నిలబడ్డవాళ్లంతా చూశారు. ఒకడు "ఏంటి, పెళ్లి కార్డా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నా దగ్గర హెల్మెట్ తీసుకునేవాళ్లు నా మొహం చూడరు, సైజు చెప్పి చెయ్యి చాపుతారు.

చెవిటి మామ నిన్న రిటైరయ్యాడు. వెళ్లేముందు స్టోరుకు వచ్చి తొడుగులు అప్పగించాడు. "పిలిస్తే వస్తాను. ఇప్పుడు నేను ఎవడికీ మేస్త్రీని కాదు" అన్నాడు. కానీ సమనులో ఆయన పేరు లేదు. కోర్టు పనుల్లో పేరు లేనివాణ్ణి ఎలా పిలుస్తారో కనుక్కో.

కంపెనీ వకీలు నన్ను అడిగేదేమిటో నాకు తెలుసు. "మీరు లీకులు కొలిచే ఉద్యోగి. వదిలినది కొలవమని ఎవరు చెప్పారు?" ఎవరూ చెప్పలేదంటాను. "మరి ఎందుకు కొలిచారు?" మా వదిన అడిగిందంటాను. అక్కడ గదిలో ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వు.

అన్నయ్య ఎలా ఉన్నాడో రాయి. ఆ ఒక్క ఉత్తరం తర్వాత నాకు మళ్లీ రాయలేదు.

నీ మరదలు


సిబ్బంది క్వార్టర్స్, మూడో బ్లాకు
జూలై 6

మరదలు పిల్లకు,

మీ మేస్త్రీ పేరు, చిరునామా రాసి కమిషన్‌కు పంపాను. తీసుకుంటామనీ అనలేదు, తీసుకోమనీ అనలేదు.

మన అర్జీ వింటామన్నారు కానీ, వినేదాకా పనులు ఆపమని కంపెనీకి చెప్పలేదు. ఆపాలని ఎవరూ అడగలేదట. నేను అర్జీలో అడగలేదు. అంకె తప్పు అని మాత్రమే రాశాను, అందువల్ల పని ఆపండి అని రాయాలని నాకు తట్టలేదు. అడిగినదానికే జవాబు వస్తుందని ఈ ఏడు నీకూ నాకూ బాగానే తెలిసింది. అయినా మళ్లీ అదే చేశాను. ఆపమని కోరుతూ ఇవాళ రెండో కాగితం ఇచ్చి వచ్చాను. విచారణ రోజునే చూస్తామన్నారు.

మీ అన్నయ్యను కొత్త యూనిట్ల స్థలానికి మార్చారు. ఉద్యోగం ఇంకా ఉంది. తీసేస్తారనుకున్నాం, తీయలేదు. ఎందుకు తీయలేదో ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. దగ్గు కొంచెం తగ్గింది. నీకు రాయమన్నాను. "ఏం రాయాలి?" అన్నాడు. డాక్టరు చెప్పింది రాయమన్నాను. సరే అన్నాడు.

నువ్వు ఆదివారం సాయంత్రం బస్సుకు వచ్చెయ్యి. పాప గదిలో నీకు పరుపు వేశాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మొదటి యూనిట్ పునాదిలో కాంక్రీటు పోయడం మొదలుపెడతారు. ఆ షిఫ్టుకు మీ అన్నయ్యే ఇన్‌చార్జి. పదకొండింటికి మన విచారణ. ముందు నిన్ను పిలుస్తారు, తర్వాత నన్ను, చివర్లో పని ఆపాలన్న కాగితం చూస్తారు. పునాది పూర్తవడానికి సాయంత్రం ఆరు అవుతుందని మీ అన్నయ్య చెప్పాడు. ఒకసారి పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపరట.

మీ వదిన